వలస కుటుంబాల పసిపిల్లలకు పోషకాహారం: ఊరు మారినా మారని హక్కు

(ప్రత్యేక వ్యాసం)

పొట్ట చేతబట్టుకొని ఊరు విడిచే కుటుంబం వెంట వంటపాత్రలు వస్తాయి, నాలుగు బట్టల మూటలు వస్తాయి, తల్లి చంకన బిడ్డ వస్తుంది. ఆ బిడ్డకు స్వగ్రామంలోని అంగన్‌వాడీ కేంద్రం నుండి నెలనెలా అందుతూ వచ్చిన పోషకాహారం మాత్రం అనేక సందర్భాలలో ఊరి పొలిమేర వద్దనే ఆగిపోతున్నది. ఆ ఆహారం బిడ్డకు చట్టం కల్పించిన హక్కు. ఊరు మారినంత మాత్రాన, రాష్ట్ర సరిహద్దు దాటినంత మాత్రాన అది రద్దు కాదు. ఈ హక్కు ఏమిటి, వలస వచ్చిన చోట దానిని పొందే మార్గం ఏది, ఆచరణలో అది ఎక్కడ తెగిపోతున్నది అనే అంశాలను పాత్రికేయులకు, క్షేత్రస్థాయి అధికారులకు వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

వెయ్యి రోజులు - మూడు సీజన్లు

తల్లి గర్భం దాల్చిన నాటి నుండి బిడ్డకు రెండు సంవత్సరాలు నిండే వరకు గల కాలాన్ని పోషకాహార నిపుణులు తొలి వెయ్యి రోజులుగా వ్యవహరిస్తారు. గర్భస్థ దశ 270 రోజులు, పుట్టిన తరువాత 730 రోజులు కలిపి ఈ లెక్క. శరీర ఎదుగుదలకు, మెదడు వికాసానికి పునాది పడేది ఈ కాలంలోనే. ఈ దశలో కలిగిన లోపాన్ని తరువాతి వయస్సులో పూర్తిగా పూడ్చుకోవడం కష్టసాధ్యం.

ఈ లెక్కను ఇటుక బట్టీల సీజన్‌తో పోల్చి చూసినప్పుడు సమస్య తీవ్రత బోధపడుతుంది. పశ్చిమ ఒడిశాలోని బలాంగీర్, నువాపడ, కలహండి, బర్‌గఢ్ జిల్లాల నుండి ప్రతి ఏటా వేలాది కుటుంబాలు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాలలోని ఇటుక బట్టీలకు తరలివస్తున్నాయి. తెలంగాణలో పెద్దపల్లి, సంగారెడ్డి, రంగారెడ్డి, యాదాద్రి భువనగిరి తదితర జిల్లాలలోని బట్టీలలో వీరు కనిపిస్తారు. ఒడిశాలో నువాఖాయ్ పండుగ ముగిసిన పిదప సర్దార్ల ద్వారా అడ్వాన్సు తీసుకొని, నవంబరు ప్రాంతంలో బయలుదేరి, వానలు మొదలయ్యే లోగా తిరిగి వెళ్ళడం ఆనవాయితీ. అంటే సంవత్సరంలో సుమారు ఏడు నెలలు వీరు బట్టీలోనే నివసిస్తారు.

ఒక సీజన్ ఆరంభంలో గర్భం దాల్చిన తల్లిని ఉదాహరణగా తీసుకుందాం. ఏడు నెలలు బట్టీలో, ఐదు నెలలు ఊరిలో, మళ్ళీ ఏడు నెలలు బట్టీలో, మళ్ళీ ఐదు నెలలు ఊరిలో, తిరిగి ఏడు నెలలు బట్టీలో గడుస్తాయి. వెయ్యి రోజులు అంటే సుమారు 33 నెలలు. అందులో 21 నెలలు, అనగా దాదాపు మూడింట రెండు వంతుల కాలం, ఆ తల్లీబిడ్డలు స్వగ్రామ అంగన్‌వాడీకి దూరంగా ఉంటారు. వలస చోట సేవలు అందని పక్షంలో, అత్యంత కీలకమైన కాలంలో అధికభాగం వారికి ప్రభుత్వ పోషకాహారం లేకుండానే గడిచిపోతుంది.

ఈ పరిస్థితి ఒడిశా కుటుంబాలకే పరిమితం కాదు. కర్నూలు జిల్లా పశ్చిమ మండలాల నుండి మిరప కోతలకు గుంటూరు ప్రాంతానికి వెళ్ళే కుటుంబాలు, పాలమూరు నుండి ముంబయి, పుణే నగరాలలో నిర్మాణ పనులకు వెళ్ళే కుటుంబాలు, ఉత్తరాంధ్ర నుండి చెన్నై, హైదరాబాద్ నగరాలకు వెళ్ళే కుటుంబాలు కూడా ఇదే చిక్కును ఎదుర్కొంటున్నాయి. మన ప్రాంతానికి వచ్చిన వారి పిల్లల పట్ల మనం చూపే శ్రద్ధనే, ఇతర రాష్ట్రాలకు వెళ్ళిన మన పిల్లల విషయంలో మనం ఆశిస్తాము.

చట్టం చెబుతున్నది ఏమిటి

జాతీయ ఆహార భద్రత చట్టం - 2013 ఆహారాన్ని చట్టబద్ధమైన హక్కుగా మార్చింది. ఈ చట్టంలోని 4వ సెక్షన్ ప్రకారం గర్భిణీ స్త్రీకి గర్భకాలంలోను, ప్రసవానంతరం 6 నెలల వరకు స్థానిక అంగన్‌వాడీ ద్వారా ఉచిత భోజనం అందించవలసి ఉన్నది. 5వ సెక్షన్ ప్రకారం 6 నెలల నుండి 6 సంవత్సరాల వయస్సు గల ప్రతి బిడ్డకు వయస్సుకు తగిన ఆహారాన్ని స్థానిక అంగన్‌వాడీ ద్వారా ఉచితంగా అందించాలి. 6వ సెక్షన్ ప్రకారం పోషకాహార లోపంతో బాధపడుతున్న పిల్లలను గుర్తించి ప్రత్యేక ఆహారం ఇవ్వాలి. ఆహారం అందించలేని పక్షంలో ఆహార భద్రత భత్యం చెల్లించాలని 8వ సెక్షన్ నిర్దేశిస్తున్నది.

ఇక్కడ ఒక అంశాన్ని అధికారులు ప్రత్యేకంగా గమనించవలసి ఉన్నది. రేషన్ బియ్యానికి జనాభాలో గ్రామీణ ప్రాంతాలలో 75 శాతం, పట్టణ ప్రాంతాలలో 50 శాతం వరకు అనే పరిమితి ఉన్నది. తల్లులకు, ఆరేళ్ళ లోపు పిల్లలకు అంగన్‌వాడీ ద్వారా అందే ఆహారానికి అటువంటి పరిమితి లేదు. రేషన్ కార్డు లేకపోయినా, కార్డు వేరే రాష్ట్రానిదైనా బిడ్డను అంగన్‌వాడీలో నమోదు చేయడానికి అది అడ్డంకి కారాదు. "స్థానిక అంగన్‌వాడీ" అన్న మాటకు కుటుంబం ప్రస్తుతం నివసిస్తున్న చోటి అంగన్‌వాడీ అని అర్థం చేసుకున్నప్పుడే ఈ సెక్షన్లు వలస బిడ్డకు ఉపయోగపడతాయి.

చట్టానికి ముందే సర్వోన్నత న్యాయస్థానం ఈ దిశగా ఆదేశాలు ఇచ్చి ఉన్నది. ఆహార హక్కు కేసులో 2006 డిసెంబరు 13న వెలువడిన తీర్పు ప్రకారం, ఆరేళ్ళ లోపు పిల్లలు కనీసం 40 మంది ఉండి, అంగన్‌వాడీ లేని గ్రామీణ నివాస ప్రాంతం లేదా మురికివాడ ప్రజలు కోరిన 3 నెలలలోగా కేంద్రం ఏర్పాటు చేయాలి. వలస కార్మికుల ఇక్కట్లపై తనంతట తానుగా చేపట్టిన కేసులో 2021 జూన్ 29న ఇచ్చిన తీర్పులో, ఒకే దేశం - ఒకే రేషన్ కార్డు విధానాన్ని అన్ని రాష్ట్రాలు 2021 జూలై 31 లోగా అమలు చేయాలని, వలస కార్మికులకు పొడి సరుకులు అందించే పథకాలు రూపొందించాలని న్యాయస్థానం ఆదేశించింది. అసంఘటిత కార్మికుల కోసం 2021 ఆగస్టు 26న ప్రారంభమైన ఈ-శ్రమ్ పోర్టల్‌లో నమోదై, రేషన్ కార్డు లేని వారికి కార్డులు ఇవ్వాలని 2023 ఏప్రిల్‌లో మరొకసారి ఆదేశాలు వెలువడ్డాయి.

బియ్యం: కార్డు ఏ రాష్ట్రానిదైనా

ఒకే దేశం - ఒకే రేషన్ కార్డు విధానానికి తెలుగు రాష్ట్రాలతో ప్రత్యేక అనుబంధం ఉన్నది. 2019 ఆగస్టులో ఈ విధానం ప్రయోగాత్మకంగా మొదలైనది రెండు జతల రాష్ట్రాలలో. అందులో ఒక జత ఆంధ్రప్రదేశ్ - తెలంగాణ కాగా, రెండవది గుజరాత్ - మహారాష్ట్ర. 2022 జూన్‌లో అస్సాం చేరికతో దేశంలోని మొత్తం 36 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలు దీని పరిధిలోకి వచ్చాయి.

దీని ప్రకారం జాతీయ ఆహార భద్రత చట్టం కింద కార్డు కలిగిన కుటుంబం దేశంలో ఏ చౌకధరల దుకాణంలోనైనా ఆధార్ ధ్రువీకరణతో తమ ధాన్యం తీసుకొనవచ్చును. మనిషికి నెలకు 5 కిలోల చొప్పున లభించే ఈ ధాన్యం 2023 జనవరి 1 నుండి పూర్తి ఉచితం. 2024 జనవరి నుండి మరో ఐదేళ్ళ పాటు ఈ ఉచిత పంపిణీని పొడిగించడం జరిగింది. కొందరు సభ్యులు వలస వెళ్ళి, వృద్ధులు ఊరిలోనే ఉన్నప్పుడు, కుటుంబ కోటాలో కొంత భాగాన్ని ఇక్కడ, మిగిలిన భాగాన్ని అక్కడ తీసుకునే వెసులుబాటు కూడా ఉన్నది. ఈ విషయం తెలియకపోవడం వలన, ఊరిలోని పెద్దల బియ్యం ఆగిపోతుందేమోనన్న భయంతో పలువురు కార్డును ఇంటి వద్దనే వదిలి వస్తున్నారు. సందేహాల నివృత్తికి 14445 సహాయ నంబరు, మేరా రేషన్ యాప్ అందుబాటులో ఉన్నాయి.

ఈ విధానానికి గల పరిమితులను కూడా పేర్కొనడం అవసరం. ఒక రాష్ట్రం తన నిధులతో అదనంగా ఇచ్చే సరుకులు, లేదా రాష్ట్ర ప్రభుత్వం స్వయంగా జారీ చేసిన కార్డులు ఈ జాతీయ విధానం పరిధిలోకి రావు. కార్డులో పేరు లేని బిడ్డకు ధాన్యం రాదు. చట్టం కింద రాష్ట్రాల వారీ లబ్ధిదారుల సంఖ్యను 2011 జనాభా లెక్కల ఆధారంగా నిర్ణయించినందున, ఆ తరువాత పుట్టిన పిల్లల పేర్లు చేర్చడంలో అనేక రాష్ట్రాలు ఇబ్బంది పడుతూ వచ్చాయి. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడి, 2027 సంవత్సరానికి నిర్ణయించబడింది. ఈ లోగా ఇంట్లో ఐదుగురు ఉండగా కార్డులో ముగ్గురి పేర్లే ఉంటే, మూడు పేర్ల బియ్యాన్నే ఐదుగురు పంచుకొనవలసి వస్తున్నది.

అన్నిటికీ మించి, బియ్యం ఒక్కటే పసిబిడ్డకు చాలదు. ఆరు నెలలు నిండిన బిడ్డకు తల్లిపాలతో పాటు పప్పు, గుడ్డు, నూనె, కూరగాయలు కలిసిన మెత్తని ఆహారం రోజులో పలుమార్లు కొద్దికొద్దిగా తినిపించాలి. 2019-21లో జరిగిన 5వ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 6 నుండి 23 నెలల పిల్లలలో కనీస స్థాయి తగిన ఆహారం పొందుతున్న వారు 11.3 శాతం మాత్రమే. ఐదేళ్ళ లోపు పిల్లలలో వయస్సుకు తగిన ఎత్తు లేనివారు దేశంలో 35.5 శాతం, తెలంగాణలో 33.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, ఒడిశాలో 31 శాతంగా నమోదయ్యారు. రేషన్ దుకాణం ఇంటికి ధాన్యం ఇస్తుంది. బిడ్డ పోషణ లోటును పూరించే బాధ్యత అంగన్‌వాడీది.

అంగన్‌వాడీ: బిడ్డ వాటా ఎంత

సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబరు 2న దేశంలోని 33 బ్లాకులలో ప్రారంభమైంది. నేడు దేశవ్యాప్తంగా సుమారు 14 లక్షల అంగన్‌వాడీ కేంద్రాలు పనిచేస్తున్నాయి. తెలంగాణలో 149 ప్రాజెక్టుల పరిధిలో 35,700, ఆంధ్రప్రదేశ్‌లో 257 ప్రాజెక్టుల పరిధిలో 55,607 కేంద్రాలు మంజూరై ఉన్నాయి. అంగనం అంటే ఇంటి ముంగిలి. తెలుగు తల్లికైనా ఒడియా తల్లికైనా అంగన్‌వాడీ అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

తెలంగాణలో 7 నెలల నుండి 3 సంవత్సరాల పిల్లలకు నెలకు 2.5 కిలోల బాలామృతం, 16 గుడ్లు ఇంటికి ఇవ్వడం జరుగుతున్నది. వేయించిన గోధుమలు, శనగలు, పాలపొడి, చక్కెర, నూనెలతో బాలామృతం తయారవుతుంది. 3 నుండి 6 సంవత్సరాల పిల్లలకు కేంద్రంలోనే వేడి భోజనం, గుడ్డు పెడతారు. 2015 జనవరి 1న ప్రారంభమైన ఆరోగ్యలక్ష్మి పథకం కింద గర్భిణులకు, బాలింతలకు అన్నం, పప్పు, కూరగాయలతో ఒకపూట సంపూర్ణ భోజనం, 200 మిల్లీలీటర్ల పాలు, నెలకు 30 గుడ్లు అందించే ఏర్పాటు జరిగింది.

ఈ అంకెలను ఏడు నెలల బట్టీ సీజన్‌కు గుణించి చూస్తే, నమోదు కాని ఒక్క బిడ్డ కోల్పోయేది 17.5 కిలోల బాలామృతం, 112 గుడ్లు. నమోదు కాని ఒక్క గర్భిణీ స్త్రీ కోల్పోయేది 210 గుడ్లు, ప్రతి కేంద్రం పనిదినాన ఒక భోజనం, ఒక గ్లాసు పాలు. రోజుకూలితో జీవించే కుటుంబం వీటిని బజారులో కొనుక్కోగలదని భావించలేము.

ఎక్కడ తెగిపోతున్నది

మొదటిది దూరం. ఇటుక బట్టీలు సాధారణంగా ఊరికి వెలుపల, మట్టి, నీరు దొరికే చోట ఉంటాయి. సమీప అంగన్‌వాడీ రెండు మూడు కిలోమీటర్లు దూరంలో ఉండవచ్చు. మూడేళ్ళ బిడ్డ ఒంటరిగా నడిచి వెళ్ళలేడు. తీసుకువెళ్ళవలసిన తల్లి ఇటుకలు పోస్తూ ఉంటుంది.

రెండవది కూలి విధానం. బట్టీలో కూలి వెయ్యి ఇటుకల చొప్పున లెక్కకడతారు. భార్య, భర్త, మరొక మనిషి కలిసి ఒక జట్టుగా పనిచేస్తారు. తల్లి పని ఆపి బిడ్డకు తినిపించిన ప్రతిసారీ జట్టు ఇటుకల లెక్క తగ్గుతుంది, తీర్చవలసిన అడ్వాన్సు మిగిలిపోతుంది. ఫలితంగా పసిబిడ్డ బాధ్యత ఏడెనిమిదేళ్ళ అక్క మీద పడుతున్నది. చిన్న బిడ్డకు తిండి, పెద్ద బిడ్డకు చదువు రెండూ దూరమవుతున్నాయి.

మూడవది నమోదు. లబ్ధిదారుల వివరాలను 2021 మార్చి నుండి పోషణ్ ట్రాకర్‌లో నమోదు చేస్తున్నారు. బిడ్డ పేరు స్వగ్రామ కేంద్రంలోనే ఉండిపోతే, వలస చోట కేటాయింపులో ఆ బిడ్డ లెక్కకు రాదు. వలస వెళ్ళిన లబ్ధిదారుని నమోదును ఒక కేంద్రం నుండి మరొక కేంద్రానికి, ఇతర రాష్ట్రానికి సైతం బదిలీ చేసే సౌకర్యం ఇందులో ఉన్నది. 2022లో జారీ అయిన సక్షమ్ అంగన్‌వాడీ - పోషణ్ 2.0 మార్గదర్శకాల ప్రకారం బిడ్డకు ఆధార్ తప్పనిసరి కాదు, తల్లి ఆధార్‌తో సేవలు పొందవచ్చును. 2025 జూలై నుండి ఇంటికి ఇచ్చే ఆహారానికి ముఖ గుర్తింపు విధానం వచ్చింది. అందువలన తల్లీబిడ్డలు బట్టీలో ఉండగా ఊరిలో వారి వాటా మరొకరు తీసుకొని దాచి ఉంచే అవకాశం సన్నగిల్లింది. నమోదు బదిలీ కావడం ఇదివరకటి కంటే ఇప్పుడు మరింత అవసరమైంది.

నాల్గవది భాష. సంబల్‌పురి మాట్లాడే తల్లికి అంగన్‌వాడీ టీచర్ చెప్పే తెలుగు అర్థం కాదు. టీకా ఎప్పుడు వేయించారో, బిడ్డ వయస్సెంతో, గర్భం ఎన్నో నెలో టీచర్‌కు అర్థం కాదు. తెలంగాణలోని కొన్ని బట్టీల వద్ద ఒడియా మాధ్యమంలో పని ప్రదేశ పాఠశాలలు నడిపిన అనుభవం ఉన్నది. ఆ పాఠశాలల్లో బోధించిన ఒడియా యువత వంటి వారిని అంగన్‌వాడీ నమోదుకు దుబాసీలుగా వినియోగించుకోవడం అసాధ్యమేమీ కాదు.

క్షేత్రస్థాయి అధికారులు చేయదగినవి

సీజన్ తేదీలు ముందుగానే తెలిసినవి. బట్టీల జాబితా రెవెన్యూ, కార్మిక శాఖల వద్ద లభిస్తుంది. కనుక నవంబరు, డిసెంబరు నెలలలో కార్మిక, స్త్రీ శిశు సంక్షేమ, పౌర సరఫరాలు, వైద్య ఆరోగ్య శాఖల సిబ్బంది ఒకే రోజు కలసి బట్టీకి వెళ్ళి ఒకే పట్టికలో వివరాలు రాసుకోవడం ప్రయోజనకరం. ఆ పట్టికలో ఆరు ప్రశ్నలు చాలును: ఆరేళ్ళ లోపు పిల్లలు ఎందరు, గర్భిణులు, బాలింతలు ఎందరు, స్వగ్రామ అంగన్‌వాడీ ఏది, రేషన్ కార్డు నంబరు ఏది, కార్డులో ఎవరి పేర్లు లేవు, చివరి టీకా ఎప్పుడు వేశారు.

పిల్లల సంఖ్య 40కి చేరిన చోట కేంద్రం ఏర్పాటుకు ప్రతిపాదన పంపవచ్చును. అంతకు తక్కువ ఉన్న చోట సమీప కేంద్రానికి బట్టీని అనుసంధానించి, బాలామృతం, గుడ్లను నిర్ణీత రోజున బట్టీ వద్దనే పంపిణీ చేయవచ్చును. ఆ కేంద్రం ఇండెంటును సీజన్‌కు ముందే సవరించకపోతే, ఉన్న సరుకును స్థానిక పిల్లలకు, వలస పిల్లలకు పంచవలసి వచ్చి, ఇరువురికీ కొరత ఏర్పడుతుంది. ఈ పొరపాటు వలన వలస కుటుంబాల పట్ల గ్రామంలో అకారణమైన అసంతృప్తి కలిగే ప్రమాదం కూడా ఉన్నది.

పంపిణీతో పాటు పరీక్ష కూడా జరగాలి. ఆరు నెలల నుండి ఐదేళ్ళ పిల్లల జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉంటే తీవ్ర పోషకాహార లోపంగా, 11.5 నుండి 12.5 సెంటీమీటర్ల లోపు ఉంటే మధ్యస్థ లోపంగా పరిగణిస్తారు. ఒక్కొక్క బిడ్డకు నిమిషం కూడా పట్టని ఈ కొలతతో, పోషకాహార పునరావాస కేంద్రానికి పంపవలసిన బిడ్డను అక్కడికక్కడే గుర్తించవచ్చును. బిడ్డను ఆసుపత్రిలో చేర్చితే తల్లి కూలి పోతుంది గనుక, బట్టీ యజమానితో ముందుగా మాట్లాడి ఆ రోజులకు ఇబ్బంది లేకుండా చూడటం కూడా ఆ రిఫరల్‌లో భాగమే.

యజమానుల బాధ్యత గురించి చట్టాలలో స్పష్టత ఉన్నది. 50 మందికి మించి మహిళా కార్మికులు పనిచేసే నిర్మాణ ప్రదేశాలలో ఆరేళ్ళ లోపు పిల్లలకు శిశు సంరక్షణ గది ఏర్పాటు చేయాలని భవన నిర్మాణ కార్మికుల చట్టం - 1996 నిర్దేశించింది. ఒడిశాలోని దాదన్ కార్మికుల దుస్థితి నేపథ్యంగా వచ్చిన అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం - 1979 స్థానంలో, వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల నియమావళి - 2020 అమలులోకి వచ్చింది. అంతర్రాష్ట్ర వలస కార్మికుడు ప్రజా పంపిణీ సరుకులను స్వరాష్ట్రంలో గాని, పనిచేస్తున్న రాష్ట్రంలో గాని ఎంచుకొని పొందే వీలు కల్పించాలని ఈ నియమావళి పేర్కొంటున్నది.

తిరుగు ప్రయాణాన్ని మరువరాదు. మే, జూన్ నెలలలో కుటుంబం వెళ్ళిపోయే ముందు తల్లి చేతిలో మాతా శిశు సంరక్షణ కార్డు పూర్తి వివరాలతో ఉండాలి. నమోదు తిరిగి స్వగ్రామ కేంద్రానికి బదిలీ కావాలి. లేనట్లయితే వచ్చేటప్పుడు తెగిన దారమే వెళ్ళేటప్పుడు మరొకసారి తెగుతుంది.

పాత్రికేయులకు మనవి

2020 మార్చిలో లాక్‌డౌన్ విధించినప్పుడు, జాతీయ రహదారుల వెంట నడిచి వెళ్ళిన కుటుంబాలను దేశానికి చూపినది పాత్రికేయులే. ఆనాడు తెలంగాణ ప్రభుత్వం వలస కార్మికులకు మనిషికి 12 కిలోల బియ్యం, 500 రూపాయలు అందజేసింది. కేంద్ర ప్రభుత్వం మే, జూన్ నెలలకు కార్డు లేని వలస కార్మికులకు మనిషికి 5 కిలోల ధాన్యం, కుటుంబానికి కిలో శనగలు కేటాయించింది. విపత్తు వేళ కంటబడిన ఆ కుటుంబాలు సాధారణ సంవత్సరాలలో కూడా అదే దారిన వస్తూ పోతూనే ఉన్నాయి.

బట్టీలకు, నిర్మాణ ప్రదేశాలకు వెళ్ళినప్పుడు వేతనాలు, వసతి గురించి అడుగుతున్న ప్రశ్నలతో పాటు మరొక ప్రశ్న కూడా అడగవలసిందిగా పాత్రికేయ మిత్రులకు విజ్ఞప్తి: "ఈ బిడ్డ పేరు ఏ అంగన్‌వాడీలో ఉన్నది?" సమాధానం లభించని ప్రతి చోటును సంబంధిత శిశు అభివృద్ధి పథకం అధికారి దృష్టికి తీసుకువస్తే, వార్త ప్రచురితమయ్యే లోపే ఆ బిడ్డకు ఆహారం అందే అవకాశం ఉన్నది. అదే సమయంలో పిల్లల పేర్లు, ఛాయాచిత్రాలు ప్రచురించే విషయంలో తగు జాగ్రత్త వహించవలసి ఉన్నది.

వలసను ఒక్కరోజులో ఆపలేము. వలస వచ్చిన బిడ్డ పేరును రిజిస్టరులో రాయడానికి మాత్రం ఒక్కరోజు చాలును. సీజన్ మొదలైన నెలలోనే ఆ పని జరిగినట్లయితే, 112 గుడ్లు, 17.5 కిలోల బాలామృతం కాగితం మీది లెక్కగా మిగిలిపోకుండా, బట్టీ పక్కన గుడిసెలో ఉన్న బిడ్డ కంచంలోకి చేరుతాయి.